అసెరెహే అంటే ఏంటి?

పోయిన నెల మా టీమ్ అవుటింగ్‌లో ఎవరో కెచప్ సాంగ్ పెట్టారు. అదేనండీ, ముగ్గురమ్మాయిలు చేతులు ఒకదాని మీద ఒకటి ఊపుతూ, బొటనవేలు భుజం మీంచి వెనక్కి చూపిస్తూ, మోకాళ్ళు ఆడిస్తూ డాన్సు చేసే పాట. అందరం ఊపాం. అయిపోయాక మా లీడ్ "చెత్త, ఒక్క ముక్కకీ అర్థం లేదు" అని తేల్చేశాడు. నాకెందుకో ఉక్రోషం వచ్చింది. ఎందుకంటే ఆ పల్లవికి అర్థం లేకపోవడమే ఆ పాట కథ.

పాట అసలు పేరు "అసెరెహే". 2002 వేసవిలో స్పెయిన్‌లో వచ్చింది. పాడింది లాస్ కెచప్, అంటే కోర్దోబాకి చెందిన అక్కచెల్లెళ్ళు లోలా, లూసియా, పిలార్. వాళ్ళ నాన్న ఫ్లమెంకో గిటారిస్టు. ఆయన్ని అందరూ పిలిచే పేరు ఎల్ తొమాతే, అంటే టమాటా. కాబట్టి కూతుళ్ళు కెచప్! రాసింది కేకో అనే సంగీతకారుడు.

కథేమిటంటే, అర్ధరాత్రి పన్నెండింటికి డియెగో అనే జిప్సీ కుర్రాడు రాస్తా వేషంలో క్లబ్బుకొస్తాడు. డీజేకి వీడి సంగతి తెలుసు, వీడికి ప్రాణమైన పాట వేస్తాడు. డియెగో ఆ పాటని తన చెవికి ఎలా వినబడితే అలా పాడతాడు. అదే పల్లవి. వాడికి ప్రాణమైన ఆ పాట 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ చేసిన "రాపర్స్ డిలైట్".

ఇక్కడ కాస్త ఆగాలి. అమెరికన్లు వాటర్‌ని "వారర్" అంటారని ఆన్‌సైట్ కాల్స్ వినేవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండు అచ్చుల మధ్య ట, డ పడితే నాలుక అలా తగిలి జారిపోతుంది. స్పానిష్ చెవికి అది అచ్చంగా "ర". కాబట్టి ఆ ర్యాప్ మొదట్లో "సెడ్" తర్వాత అచ్చొచ్చేసరికి అది "సెరె" అయింది. "హిప్"లో చివరి ప స్పానిష్ మాటల చివర ఇమడదు, రాలిపోయి "హే" మిగిలింది. అంటే డియెగో తప్పు వినలేదు. తన దగ్గరున్న అక్షరాలతో చాలా జాగ్రత్తగా విన్నాడు. లాసీ కంప్రెషన్ అనుకోండి :-)

అన్నట్టు, ఆ ఒరిజినల్ కూడా పెద్ద ఒరిజినల్ కాదు. సంగీతం షీక్ బృందం "గుడ్ టైమ్స్" నుంచి ఎత్తుకొచ్చారు. నైల్ రాడ్జర్స్ దావా వేస్తానంటే తర్వాత ఆయనకీ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌కీ క్రెడిట్ ఇచ్చారు. గ్యాంగ్‌లోని బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన చరణాలేమో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ కుర్రాడివి. కాజ్ తన స్టేజి పేరుని అక్షరం అక్షరం విడగొట్టి రాసుకున్న ముక్కని కూడా హ్యాంక్ మార్చకుండా పాడేశాడు. పక్కవాడి కోడ్ కాపీ కొట్టి, పైన కామెంట్లో వాడి పేరు తియ్యడం మర్చిపోయినట్టు. కాజ్‌కి మాత్రం క్రెడిట్ దక్కలేదు.

అలా చేతులు మారిన పాట చివరికి డియెగో నోట్లో పడి, అక్కడినుంచి లోకం నోట్లో పడింది. 20కి పైగా దేశాల్లో నంబర్ వన్, ఇంగ్లండ్‌తో సహా. అమెరికాలో మాత్రం 54 దగ్గర ఆగిపోయింది. తమాషా చూడండి, ఆ అక్షరాలు ఎవరివో వాళ్ళకే ఎక్కలేదు.

అర్థం లేదంటే జనం ఊరుకోరు కదా. లాటిన్ అమెరికాలో ఇది సైతాను పాట అని పుకారు లేచింది. "అసెరెహే"ని విడగొడితే స్పానిష్‌లో "మతద్రోహివి కా" అన్నట్టు వస్తుందట! డియెగో విన్నదాన్ని మళ్ళీ తప్పుగా విన్నవాళ్ళు వీళ్ళు. అక్కచెల్లెళ్ళు 2006లో నాలుగో చెల్లెలు రోసియోతో కలిసి ఏథెన్స్‌లో యూరోవిజన్‌కి వెళ్ళారు, 21వ స్థానం వచ్చింది. అంతే, ఒక్క పాట వాళ్ళు అయిపోయారు.

మా లీడ్ మాట ఎందుకు గుచ్చుకుందో చెప్తాను. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంజనీరింగ్ హాస్టల్లో ఇంగ్లీషు పాటలు కనీసం సగం డియెగో లాగే పాడేవాణ్ణి. ఓసారి ఒకడు నా వెనక నిలబడి, మొత్తం విని, రూమంతటికీ నన్ను అనుకరించి చూపించాడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ బాత్‌రూమ్‌లో కూడా పాడలేదు.

మరి నేను? ఓ డిసెంబరులో చెన్నైలో త్యాగరాజ కీర్తనల కచేరీకి వెళ్ళాను. గాయకుడికి తెలుగు రాదు. పదాన్ని విరవకూడని చోట విరిచినప్పుడల్లా పక్కనున్న ఫ్రెండుని మోచేత్తో పొడిచి కిసుక్కున నవ్వాను. ముందు వరసలో ఒక తమిళ పెద్దావిడ కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, ఆయనతో పాటు అక్కడే విరుస్తూ, చివరి చరణం దాకా పాడుతోంది. నాకు పల్లవి తర్వాత ఒక్క ముక్క రాదు.