పువ్వు పేరు

యుక్తవయస్సు వచ్చిన బాలికను 'పుష్పవతి' అనడం మన భాషలో ఒక మర్యాద మాత్రమే. గ్రేట్ అండమానీయులలో అది అక్షరాలా ఆచారం. బాలిక రజస్వల కాగానే సముద్రస్నానం చేయించి, మొగలి జాతి ఆకులతో అలంకరించి, మూడు దినాలు గుడిసెలో కదలకుండా కూర్చుండబెట్టేవారు. పిమ్మట ఆ ఋతువులో ఏ చెట్టు పూసి ఉంటే ఆ పూవు పేరు ఆమెకు పెట్టేవారు. తొలి బిడ్డ పుట్టేవరకు ఆమెకు అదే పేరు. ఉత్తరాంధ్ర నుండి ఈ దీవులకు తరలివచ్చిన మన కుటుంబాలలోని వృద్ధస్త్రీలకు ఈ వర్ణన అంత కొత్తగా తోచదు; చాప, మూలగది, స్నానం, పేరంటం వారెరిగినవే. అంతమాత్రాన రెండు జాతులకు చుట్టరికం వెదకడం పొరపాటు.

ఈ వివరాలను గ్రంథస్థం చేసినవారు ఎ. ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్. కేంబ్రిడ్జి పక్షాన 1906-08 మధ్య ఇక్కడ పరిశోధన చేసి, 1922లో 'ది అండమాన్ ఐలాండర్స్' ప్రచురించారు. అంతకు ముందు ఏడే కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో సామాజిక మానవశాస్త్ర ఆచార్యపదవి చేపట్టారు. దక్షిణాఫ్రికాలో మేనమామ స్థానాన్ని గురించి 1924లో ఆయన ప్రకటించిన వ్యాసం చదివితే, అక్కడి మేనల్లుని చనువు తెలుగు పాఠకునికి తన ఇంటి ముచ్చటలాగే ఉంటుంది. ఆఫ్రికా సమాజాలలోని స్త్రీపురుష భేదాన్ని, సంస్కృతిని నేడు విశ్వవిద్యాలయాలలో అధ్యయనం చేసేవారికి ఆయన పేరు తప్పక ఎదురవుతుంది. ఆయనకు తొలి పాఠశాల మాత్రం అండమాను.

పువ్వు పేరుకు ఆయన చెప్పిన అర్థం రమ్యమైనది: బాలిక ఇప్పుడు పూచింది, తల్లి అయినప్పుడు ఫలిస్తుంది. అయితే ఆ భావన ఎవరిది? మూడు దినాలు కదలక కూర్చున్న బాలిక ఏమనుకున్నదో ఆమె మాటగా ఆ గ్రంథంలో కనబడదు.

ఆఫ్రికాలో ఈ లోటు కొంత తీరింది. నేటి జాంబియాలోని బెంబా జాతి బాలికల 'చిసుంగు' కర్మను ఆడ్రీ రిచర్డ్స్ 1931లో స్వయంగా చూచి, 1956లో గ్రంథంగా వెలువరించారు. కర్మను నడిపే పెద్ద ముత్తైదువల వంటి స్త్రీలు, వారు చేసే మట్టిబొమ్మలు, పాడే పాటలు అందులో ప్రధానస్థానం పొందాయి. 1997లో నైజీరియా విదుషి ఒయెరోంకె ఒయెవుమి మరింత దూరం వెళ్ళారు. వలసపాలనకు పూర్వం యొరూబా సమాజంలో మనిషి స్థానాన్ని వయోజ్యేష్ఠతే నిర్ణయించేదనీ, స్త్రీపురుష వర్గీకరణ పాశ్చాత్యులు మోపినదనీ ఆమె వాదం. దానితో పూర్తిగా ఏకీభవించనక్కరలేదు. కాని అండమానీయుల బంధువాచకాలలో వయోభేదానికి గల ప్రాధాన్యాన్ని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ కూడా గుర్తించారు. ఆ దారిని ఇక్కడ మరొకమారు నడిచి చూడవలసింది.

అందుకు వ్యవధి చిక్కలేదు. 1858లో శిక్షాస్థావరం ఏర్పడిన పిమ్మట 1877 నాటి తట్టు, ఇతర అంటురోగాలు గ్రేట్ అండమానీయులను తుడిచిపెట్టాయి. 1901 జనగణనలో 625 మంది. 1961 నాటికి 19 మంది. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ పరిశోధకురాలు మధుమాల చటోపాధ్యాయ 1991 జనవరిలో ఉత్తర సెంటినెల్ తీరాన సెంటినెలీయులకు కొబ్బరికాయలు అందించినప్పుడు, ఆ బృందంలో ఆమె ఒక్కరే స్త్రీ. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ దీవులలో అడుగుపెట్టి అప్పటికి ఎనభైఅయిదేళ్ళు.