మందుల పేటెంట్లు, కోర్టు నిషేధాలు, కడప జిల్లా రోగి

జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి, 1973లో పులివెందులలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన తండ్రి పేరిట స్థాపించిన ధర్మాసుపత్రి, ఆయనే ముఖ్యమంత్రిగా 2007లో ఆరంభించిన ఆరోగ్యశ్రీ కడప జిల్లా పల్లెలకు వైద్యాన్ని దగ్గర చేశాయి గాని, ప్రొద్దుటూరు మందుల దుకాణానికి క్యాన్సర్ మాత్ర ఏ ధరకు చేరాలో తేల్చే శక్తి వాటికి లేకపోయింది. పేటెంటు ఉన్న మందుల విషయంలో ఆ సంగతి తరచుగా హైకోర్టుల తాత్కాలిక ఉత్తర్వులలోనే తేలుతూ వచ్చింది.

1970 పేటెంట్ చట్టం మందుకు కాక దాని తయారీ పద్ధతికే పేటెంటు ఇవ్వడం హైదరాబాదు మందుల పరిశ్రమ ఎదుగుదలకు ఊతమైంది. 2005లో మందుకే పేటెంటు వచ్చాక, తుది తీర్పు వెలువడేదాకా ఇతరులు అదే మందు అమ్మకుండా ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు, కోరే దావాలు పెరిగాయి. ఇందుకు కోర్టులు మూడు విషయాలు చూస్తాయి: పైచూపుకే వాది కేసు బలంగా ఉన్నదా, ఉత్తర్వు వల్ల ఎవరికి ఎక్కువ ఇబ్బంది, జరగబోయే నష్టం డబ్బుతో పూడ్చగలిగినదా. 2008లో పేటెంటుదారు రోష్‌కూ సిప్లా కంపెనీకీ మధ్య వివాదంలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ వీటి పక్కన ప్రజా ప్రయోజనాన్నీ తూచి, ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ఎర్లోటినిబ్ మాత్రను రోష్ సుమారు 4,800 రూపాయలకు, సిప్లా 1,600కు అమ్ముతున్నందున, కంపెనీ నష్టాన్ని పరిహారంతో తీర్చవచ్చు గాని పోయిన ప్రాణాన్ని తీర్చలేమన్న తర్కంతో నిషేధం నిరాకరించారు. భారతీయ పేటెంట్ న్యాయంలో ఇంతటి మానవీయమైన మలుపు అరుదు.

హైదరాబాదు కంపెనీ నాట్కో 2012లో మరో దారి తొక్కి, పేటెంటుదారు ఒప్పుకోకున్నా ప్రభుత్వాధికారి ఇచ్చే నిర్బంధ లైసెన్సు పొందడంతో, కాలేయ, మూత్రపిండ క్యాన్సర్ల మందు సొరాఫెనిబ్ నెల ఖర్చు సుమారు 2,80,000 రూపాయల నుంచి 8,800కు దిగింది. 2025లో, కండరాలు కృశించే ఎస్.ఎం.ఎ. అనే జన్యువ్యాధికి వాడే రిస్డిప్లాం విషయంలో నాట్కోపై రోష్ కోరిన నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు మార్చిలో నిరాకరించగా, అక్టోబరులో అదే కోర్టు ధర్మాసనం ఆ నిరాకరణను సమర్థించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అప్పట్లో సీసా ధర రోష్ వద్ద సుమారు 6 లక్షలు, నాట్కో వద్ద 15,900 రూపాయలు.

అయితే ధర్మాసనం ప్రధానంగా ఆధారపడింది పేటెంటు చెల్లుబాటుపై ఉన్న బలమైన సందేహం మీదే. 2015లో మధుమేహం మందు సిటాగ్లిప్టిన్ కేసులో ధరల తేడా అంత పెద్దది కాదంటూ అదే హైకోర్టు గ్లెన్‌మార్క్ కంపెనీపై నిషేధం విధించింది. పేటెంటు బలంగా నిలిచిన చోట ప్రజా ప్రయోజనం ఒక్కటే నిషేధాన్ని ఆపగలదా అన్నది ఇంకా స్థిరపడలేదు. పేటెంటు ఉల్లంఘన దావాను జిల్లా కోర్టుకన్నా దిగువన వేయరాదని, ప్రతివాది పేటెంటు రద్దు కోరితే దావా హైకోర్టుకు పోవాలని చట్టంలోని 104వ సెక్షన్ చెబుతున్నందున ఇలాంటి విచారణ కడప దాకా రావడం అరుదు, వచ్చినా రోగి అయిన పులివెందుల చీనీ రైతు అందులో కక్షిదారుడు కాడు; ఆ వ్యాజ్యంలో అతని పక్షాన వినిపించే వాదన ప్రజా ప్రయోజనం ఒక్కటే.