నివురుగప్పిన బెంజి

1990 అక్టోబరు. పారిస్ మోటార్ షోలో మెర్సిడెస్ బెంజ్ ఓ కొత్త సెడాన్‌ను జనం ముందుకు తెచ్చింది. చూస్తే, జర్మనీలో టాక్సీగా తిరిగే డబ్ల్యూ124 కారే. దగ్గరికెళ్లి పరికించిన వాళ్లకే తేడా తెలిసింది. చక్రాల పైన మడ్‌గార్డులు కాస్త ఉబ్బి ఉన్నాయి, కారు నేలకు 23 మిల్లీమీటర్లు దగ్గరైంది, ముందు బంపర్లో ఫాగ్ ల్యాంపులు చేరాయి. అంతే. బానెట్ ఎత్తితే మాత్రం 5 లీటర్ల వీ8 ఇంజిన్, 326 హార్స్‌పవర్! నిలబడ్డ చోటు నుంచి 6.1 సెకన్లలో గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకునేది. 250 దాటకుండా కంపెనీయే కళ్లెం వేసింది. దాని పేరు 500ఇ.

బెంజ్ ఇంజినీర్లకు ఈ సరదా కొత్తదేమీ కాదు. దేశాధినేతలు తిరిగే భారీ 600 లిమోజీన్ ఇంజిన్‌ను ఎరిక్ వాక్సెన్‌బెర్గర్ అనే ఇంజినీరు 1960ల్లోనే మామూలు సెడాన్‌లో ఇరికించాడు. అలా పుట్టిన 300ఎస్ఈఎల్ 6.3 కారు 1968లో జెనీవాలో జనం ముందుకొచ్చి, 1972 దాకా 6,526 మందికి చేరింది.

500ఇ పుట్టుకలో మాత్రం పొరుగువాడి చేయి ఉంది. అమెరికాలో అమ్మకాలు కుప్పకూలి అప్పట్లో పోర్షే కష్టాల్లో ఉంది. మరోవైపు, వెడల్పు పెరిగిన కొత్త మడ్‌గార్డులతో ఆ కారు సిండెల్‌ఫింగెన్‌లోని బెంజ్ అసెంబ్లీ లైన్‌లో పట్టలేదు. దాంతో కారును తీర్చిదిద్దే పనితో పాటు తయారీలో సింహభాగం కూడా పోర్షేకే దక్కింది. విడిభాగాలు పోర్షే ఫ్యాక్టరీ ఉన్న స్టుట్‌గార్ట్‌లోని జుఫెన్‌హౌజెన్‌కు వెళ్లేవి. 959 స్పోర్ట్స్ కారు తయారైన షెడ్డులోనే అక్కడి కార్మికులు బాడీ బిగించేవారు. రంగు కోసం అది మళ్లీ సిండెల్‌ఫింగెన్‌కు, ఇంజిన్ కోసం తిరిగి జుఫెన్‌హౌజెన్‌కు, చివరి తనిఖీకి మరోసారి సిండెల్‌ఫింగెన్‌కు. ఒక్కో కారుకు 18 రోజులు పట్టేది.

ఇంత తిరిగినా ఆ శ్రమేదీ పైకి కనబడదు. ఆకర్షణంతా అందులోనే ఉంది. పిల్లల్ని బడిలో దింపినా, ఆఫీసు ముందు ఆపినా ఎవరి కన్నూ పడదు. జర్మనీ హైవే ఆటోబాన్ ఎక్కాక మాత్రం స్పోర్ట్స్ కార్లకు దీటుగా దూసుకెళ్తుంది. అప్పటి పోటీదారు బీఎండబ్ల్యూ ఎం5కు మాన్యువల్ గేర్లే ఉండేవి, 500ఇలో ఆటోమేటిక్ ఒక్కటే. అదే వేగం, ఎడమ కాలికి పని లేకుండా. ముందు చక్రాలపై బరువు మరీ పెరగకుండా బ్యాటరీని డిక్కీలోకి మార్చారు.

కష్టాలూ తక్కువేం కాదు. మొదటి ధర 1,34,520 జర్మన్ మార్కులు. అంత పోసి కొన్నా, పక్కింటాయనకు అది మామూలు బెంజి లాగే కనిపించేది. పెట్రోలు దండిగా తాగేది. వెనక విడివిడిగా రెండే సీట్లు, అంటే ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకరు మిగిలిపోవాల్సిందే. 1990ల తొలినాళ్లలో బెంజ్ వాడిన వైరింగు తొడుగు ఇంజిన్ వేడికి పెళుసెక్కి రాలిపోయేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ముందుగా తగిలే ఖర్చుల్లో అదొకటి.

1995లో పుణెలో తొలి భారతీయ బెంజి కారు తయారైంది. అదీ ఇదే డబ్ల్యూ124, కాకపోతే చిన్న ఇంజిన్లతో. 500ఇ మాత్రం కుడివైపు స్టీరింగుతో ఎక్కడా తయారు కాలేదు. ఎడమవైపు నడిచే మన రోడ్లకు అది మొదటి నుంచీ పరాయిదే.

పుణెలో పని మొదలైన ఆ ఏడాదే, ఏప్రిల్‌లో, 500ఇ కథ ముగిసింది. అప్పటికి తయారైనవి 10,479. ఇంటిల్లిపాదీ తిరగడానికి అదే డబ్ల్యూ124లో మామూలు రకమైన 300ఇ చాలు, ఖర్చూ తక్కువ. గొప్పలు చెప్పుకోకుండా, స్టీరింగు పట్టినప్పుడు తనొక్కడే ఆ బలాన్ని ఆస్వాదించాలనుకున్నవాడికే 500ఇ తగిన కారు.