బుడమేరు వరద పనుల జాప్యం: ‘అభ్యంతరాల వాదం’పై పునర్విచారణ

బెజవాడ మీదుగా కొల్లేరుకు పారే బుడమేరు వాగు గురించి ఇన్నాళ్లుగా వస్తున్న రచనల్లో ఒక వాదం పాతుకుపోయింది. వరద నివారణ పనులు సాగకపోవడానికి కారణం జనమేనట. భూమి ఇవ్వరు, ఇళ్లు ఖాళీ చేయరు, కోర్టుకెక్కుతారు అంటారు. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్న తర్వాత ఈ వాదం మరింత బలపడింది. మునిగినవాళ్లనే ముద్దాయిలను చేసే ఈ తీర్మానాన్ని ఈ వ్యాసం తిరస్కరిస్తోంది.

అభ్యంతరాల వాదులు కాలాన్ని లెక్కలోకి తీసుకోరు. 1894 భూసేకరణ చట్టం 5ఎ సెక్షన్ ప్రకారం అభ్యంతరం చెప్పడానికి గడువు 30 రోజులు. 2013 చట్టం 15వ సెక్షన్ దాన్ని 60 రోజులు చేసింది. బెజవాడను ముంచిన 2005 వరదకూ 2024 వరదకూ మధ్య గడిచినవి 19 ఏళ్లు. అరవై రోజుల హక్కు పంతొమ్మిదేళ్ల జాప్యానికి కారణం ఎలా అవుతుంది? ఆక్రమణల మాటకొస్తే, వాంబే కాలనీ ఎవరో రాత్రికి రాత్రి వేసుకున్న గుడిసెల వరస కాదు. పేదల కోసం సర్కారు పథకం కింద కట్టిన కాలనీ అది. పల్లంలో ఇళ్లు కట్టించిన ప్రభుత్వానికి ఆనాడు ఎవరి అభ్యంతరమూ అడ్డు రాలేదు.

అసలు చిక్కు మళ్లింపు కాలువలోనే ఉంది. మైలవరం కొండల నుంచి వచ్చే వరదను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లించాలి. పోలవరం కుడి కాలువ కూడా ఇదే దారిని వాడుకుంటుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల నీళ్లు కృష్ణకు చేరింది ఇలాగే. వరద నీటికీ సాగునీటికీ ఒకటే కాలువ, పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రం. కాలువ విస్తరణ పనులు ముందుకు కదలాలంటే ఇన్ని శాఖలు ఒక మాట మీదికి రావాలి. 2024లో కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. నది నిండుగా ఉంటే మళ్లింపు నీరు దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. గట్టు బలహీనత, కృష్ణ పోటు, శాఖల సమన్వయలోపం: వీటిలో ఒక్కటీ రైతు ఇచ్చిన అర్జీ కాదు.

దిగువన బుడమేరు చేరే కొల్లేరు సరస్సు సాక్ష్యం ఇంకా బలమైనది. 1999 నాటి జీవో 120, సరస్సులో +5 అడుగుల కాంటూరు వరకు ఉన్న ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లను పేల్చివేశారు. అప్పుడు జనం అభ్యంతరాలు తక్కువేం కాదు, అయినా పని ఆగలేదు. రెండేళ్లకే, 2008లో, అభయారణ్యం పరిధిని +3కు కుదించాలని శాసనసభే తీర్మానించింది. ఆ కుదింపును పరిశీలించిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. అంటే సర్కారు గట్టిగా అనుకుంటే అభ్యంతరం పనిని ఆపలేదు, సర్కారే వెనక్కి తగ్గితే ఆపడానికి అభ్యంతరం అక్కరలేదు. కోర్టు కేసులు కొన్ని పనులను నిలిపి ఉండవచ్చు, కానీ అవి మూలకారణం కావు.

ఈ సూత్రం బుడమేరుకే పరిమితం కాదు. తమిళనాడులోని ధర్మపురి జిల్లా కంబైనల్లూరు పరిసరాల నీరు చేరే దక్షిణ పెన్నార్ పరీవాహకం 2024 డిసెంబరులో ఫెంగల్ తుఫాను వానలకు మునిగింది. అక్కడైనా ఇక్కడైనా వరద పనుల జాప్యానికి వేళ్లు సచివాలయంలోనే ఉన్నాయి, ఊళ్లలో లేవు.

కనుక పరిశోధకులు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి వరద పథకంలోనూ జనం అభ్యంతరాల విచారణకు పట్టిన రోజులెన్ని, ఫైలు శాఖల మధ్య తిరిగిన రోజులెన్ని అన్నది విడివిడిగా లెక్కగట్టాలి. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టకుండా జనం మీద నేరం మోపడం పరిశోధన అనిపించుకోదు.