డీజిల్ కారు ఊపిరి డబ్బా

1978 మొదలు 1985 వరకు మెర్సిడెస్ బెంజి సంస్థ అమెరికాలో అమ్మిన టర్బో డీజిల్ కార్లు కొన్ని ఇప్పటికీ అక్కడి రోడ్లమీద తిరుగుతున్నవి. ముచ్చటపడి వాటిని పోషించుకొనేవారు చాలామంది ఉన్నారు. అటువంటి కారు బానెట్ ఎత్తి చూస్తే ఇంజనుకు ఒక పక్కగా, పైభాగంలో, గుండ్రని నల్లరేకు డబ్బా ఒకటి కనిపిస్తుంది. ఇంజనుకు కావలసిన గాలి అంతా ఆ డబ్బాగుండానే లోపలికి పోవాలి. దానిని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు ఏళ్ళు గడిచేకొద్దీ పగిలిపోతాయి. డబ్బా గడగడలాడుతుంది. అప్పుడు యజమానికి ఒక ఆలోచన తోస్తుంది. "ఈ పాత డబ్బాతో ఎందుకీ బాధ? దీనిని ఊడదీసి, బజారులో దొరికే గరాటు ఆకారపు ఫిల్టరును టర్బో మూతికి తొడిగితే సరి. గాలి ధారాళంగా పోతుంది, కారుకు బలం కూడా పెరుగుతుంది" అనుకొంటాడు.

ఈ ఆలోచనలో నిజమెంతో తేల్చుకోవాలంటే ఆ డబ్బా అక్కడికి ఎందుకు వచ్చినదో తెలియాలి. అందుకు నూరేళ్ళకు పైగా వెనుకకు పోవాలి.

సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కటం మనకందరికీ అనుభవమే. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే ఆ వేడికి చమురు దానంతట అదే అంటుకొంటుంది. ఈ సూత్రం మీద యంత్రం కట్టవచ్చునని రుడాల్ఫ్ డీజిల్ 1892లో జర్మనీలో పేటెంటు కోరాడు. ఆగ్స్‌బర్గ్ నగరంలోని యంత్ర కర్మాగారంలో ఏళ్ళతరబడి ప్రయోగాలు సాగినవి. 1897లో మోరిట్జ్ ష్రోటర్ అనే ఆచార్యుడు పరీక్షించి చూడగా, ఇంధనంలోని శక్తిలో నూటికి 26 వంతులు పనిగా మారుతున్నట్లు తేలినది. ఆనాటి ఆవిరి యంత్రాలు దీనికి చాలా దూరంలో ఉండేవి.

విద్యార్థులు ఇక్కడ ఒక భేదం గమనించాలి. పెట్రోలు ఇంజనులో గాలిదారికి అడ్డంగా ఒక రెక్క ఉంటుంది. డ్రైవరు కాలితో నొక్కినప్పుడు ఆ రెక్క తెరుచుకొని గాలి ఎక్కువగా పోతుంది. గాలికి తగినట్లు పెట్రోలు కలుస్తుంది. డీజిల్ ఇంజనులో సామాన్యంగా ఆ రెక్క ఉండదు. అది నెమ్మదిగా నడిచినా, బరువు లాగినా ప్రతిసారీ నిండుగానే ఊపిరి పీలుస్తుంది. డ్రైవరు కాలు హెచ్చుతగ్గులు చేసేది చమురును మాత్రమే. పెట్రోలు ఇంజనుకు గాలి పగ్గమైతే, డీజిల్ ఇంజనుకు చమురే పగ్గం. పాత డబ్బా పీకబోయే మన యజమాని మరచిపోతున్నది సరిగ్గా ఈ సంగతినే.

అయితే గాలి ఎంత కావాలి? ఉపాధ్యాయులు ఈ లెక్కను పిల్లలచేత నల్లబల్ల మీద చేయించవచ్చు. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండటానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి అవసరం. లీటరు డీజిల్ 840 గ్రాముల వరకు తూగుతుంది కాబట్టి దానికి కావలసిన గాలి 12 కిలోలు. ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.2 కిలోలు. కనుక ఒక్క లీటరు చమురుకు పదివేల లీటర్ల గాలి! ఇది కనీసపు లెక్క. నిజానికి ఇంజను పూర్తి బలంతో పనిచేసేటప్పుడు కూడా కొంత గాలి మిగిలేటట్లు చూస్తారు. లేకపోతే చమురు సరిగా మండక నల్లపొగ వస్తుంది. మూడు లీటర్ల ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే, రెండు చుట్లకొకసారి ఊపిరి పీల్చే లెక్కన నిమిషానికి 6,000 లీటర్లు మింగుతుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ.

ఈ టర్బో ఆలోచన స్విట్జర్లాండులో పుట్టినది. వింటర్‌థూర్‌లో జన్మించిన ఆల్ఫ్రెడ్ బ్యూషి అనే ఇంజనీరు, పొగగొట్టంగుండా బయటికి పోయే వేడివాయువులలో ఎంతో శక్తి వృథా అవుతున్నదని గ్రహించాడు. ఆ వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండవ కొనలో ఉన్న మరొక చక్రంతో తాజా గాలిని నొక్కి ఇంజనులోకి పంపవచ్చునని 1905లో పేటెంటు తీసుకొన్నాడు. అంత వేడిని, అంత వేగాన్ని తట్టుకొనే చక్రాలు తయారై పనిలోకి రావటానికి ఇరవై ఏళ్ళు పట్టినది. 1920ల నడుమ రెండు జర్మను ప్రయాణికుల ఓడలలో దీనిని అమర్చగా, 1,750 అశ్వశక్తుల ఇంజను 2,500 అశ్వశక్తులు ఇచ్చినది. ఇంజను పరిమాణం మారలేదు. ఎక్కువ గాలి వచ్చినది, దానితో ఎక్కువ చమురు మండించగలిగారు. రెండూ కలిసినప్పుడే బలం పెరిగినదని గుర్తుంచుకోవాలి.

సముద్రం మీద దుమ్ము లేదు. పొలంలో ఉన్నది. 1915లో అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ఆయన ట్రాక్టర్ల కోసం గాలిని శుభ్రపరిచే సాధనం ఒకటి తయారుచేసి ఒక పరిశ్రమనే స్థాపించాడు. దుమ్ము తిన్న ట్రాక్టరు ఇంజను ఎంత త్వరగా అరిగిపోతుందో రైతులకు అప్పటికే తెలిసివచ్చినది. తరువాత నూనె తొట్టి ఫిల్టర్లు వచ్చినవి. మన ఊళ్ళలోని పాత ట్రాక్టర్లలో వీటిని ఇప్పటికీ చూడవచ్చు. గాలి లోపలికి దిగి నూనె పైతట్టును తాకి మలుపు తిరుగుతుంది. బరువైన దుమ్ము తిరగలేక నూనెలో పడిపోతుంది. సన్నని దుమ్ము తప్పించుకొంటుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మడతల కాగితపు ఫిల్టరు క్రమంగా ఆ స్థానాన్ని ఆక్రమించినది. ఇంజనుకు ఎక్కువగా చెరుపు చేసేది కంటికి కనబడే ఇసుకరేణువు కాదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అయిదు మొదలు ఇరవై మైక్రాన్ల దుమ్ము, పిస్టను రింగులకు సిలిండరు గోడకు నడుమనున్న సన్నని నూనె పొరలో దూరి, ఆకురాయిలాగా అరగదీస్తుంది. మనిషి తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లుంటుంది.

డీజిల్ ఇంజను కారులోకి రావటం వేరే కథ. ప్రోస్పర్ లోరాంజ్ 1909లో కనిపెట్టిన ముందుగది, 1927 నుండి బాష్ సంస్థ తయారుచేసిన చమురు పంపు దానికి దారి వేసినవి. 1936లో మెర్సిడెస్ 260 డి వచ్చినది. దాని బలం 45 అశ్వశక్తులు. ఆ తరువాత నలభై ఏళ్ళు డీజిల్ కారంటే టాక్సీ బండి అన్న పేరే మిగిలినది.

1975లో అమెరికా ప్రభుత్వం ఇంధన పొదుపు చట్టం చేసింది. 1978 నుండి ప్రతి కార్ల కంపెనీ తన కార్ల సగటు మైలేజిని చూపవలసి వచ్చినది. పెద్ద కార్లు అమ్ముకొనే మెర్సిడెస్ సంస్థ అదే ఏడు 300 ఎస్.డి. అనే కారును అమెరికా విపణిలోకి తెచ్చింది. వరుసగా తయారైన ప్రయాణికుల కార్లలో టర్బో డీజిల్ ఇదే మొదటిది. దాదాపు 80 అశ్వశక్తులిచ్చే అయిదు సిలిండర్ల, మూడు లీటర్ల ఇంజను టర్బోతో 110 అశ్వశక్తులు ఇచ్చినది. ఆ వేడిని ఓర్చుకొనేందుకు పిస్టన్ల అడుగున నూనె చిమ్మే గొట్టాలు, సోడియం నింపిన వాల్వులు పెట్టారు. చమురు పంపు మీద 'ఆల్డా' అనే చిన్న పెట్టె కూర్చున్నది. టర్బో పంపే గాలి పీడనాన్ని అది కనిపెట్టి, పీడనం పెరిగినంతమేరకే చమురును పెరగనిస్తుంది. టర్బో ఇంకా వేగం అందుకోకముందే చమురు మిక్కుటమై పొగ రాకుండా ఇది కాపలా.

ఇక ఆ నల్లడబ్బా దగ్గరకు వద్దాం. దాని ముక్కు కారు ముందువైపు నుండి చల్లగాలిని తెచ్చుకొంటుంది. లోపల మడతల కాగితం చుట్టలాగా ఉంటుంది. టర్బో కూతను డబ్బా మింగివేస్తుంది. ఇంజను అడుగు నుండి వచ్చే నూనె ఆవిరిని కూడా అక్కడికే మళ్ళించి, నూనెను వేరుచేసి, వెనుకకు పంపే ఏర్పాటున్నది. ఒక్క డబ్బాకు నాలుగు పనులు!

దీనిని తీసి గరాటు ఫిల్టరును బానెట్ కిందనే తెరిచి పెడితే ఏమవుతుంది? బానెట్ కింద గాలి వేడిగా ఉంటుంది. 27 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి పీలిస్తే, పరమ ఉష్ణోగ్రతలు 300, 333 కాబట్టి సాంద్రత నూటికి పదివంతులు తగ్గిపోతుంది. శుభ్రంగా ఉన్న కాగితపు ఫిల్టరు సామాన్యంగా గాలి పీడనంలో నూటికి రెండు మూడు వంతులకంటె ఎక్కువ హరించదు. రెండు దక్కించుకోవటానికి పది పోగొట్టుకోవటమన్నమాట. పైగా టర్బో పీడనాన్ని ఒక హద్దు దాటనీయని తలుపు ఎలాగూ ఉన్నది, చమురుకు ఆల్డా ఉన్నది. మరి బలం పెరిగినదని యజమాని ఎందుకంటాడు? టర్బో కూత ఇప్పుడు చెవికి వినబడుతున్నది. కూతనే బలమని భ్రమిస్తున్నాడని నా అనుమానం.

దుమ్ము సంగతి ఇంతకంటె గట్టిది. నిమిషానికి లక్ష చుట్ల వేగంతో తిరిగే టర్బో రెక్కలకు రేణువులు తగిలితే అంచులు కొరుక్కుపోతాయి. జాగ్రత్తగల యజమానులు వాడిన ఇంజను నూనెను పరీక్షకు పంపుతారు. అందులో సిలికాన్ పెరిగినదంటే గాలితోపాటు మన్ను పోతున్నదని సాధారణంగా అనుమానించవచ్చు.

1988లో ఫియట్ క్రోమా, 1989లో ఆడి 100 టి.డి.ఐ. వచ్చిన తరువాత చిక్కు మరొక రూపం ధరించినది. ఈ తరం కార్లలో వెళ్ళే గాలిని తూచి చూసే సున్నితమైన సాధనం గాలిదారిలోనే వచ్చి చేరినది. దాని లెక్కను బట్టి కంప్యూటరు, పొగ రాకుండా చమురుకు హద్దు గీస్తుంది. నూనెలో తడిపిన నూలుగుడ్డ ఫిల్టరు పెడితే, నూనె ఎక్కువైనప్పుడు దాని తుంపర ఆ సాధనానికి అంటుకొంటుంది. అది గాలిని తక్కువగా చూపుతుంది. కంప్యూటరు చమురు తగ్గిస్తుంది. బలం కోసం పెట్టిన ఫిల్టరే బలం తగ్గించిందన్నమాట.

పాత డబ్బాను ఎన్నడూ మార్చకూడదని కాదు. రేకు తుప్పుపట్టి, ముక్కు గొట్టం చీలి, పక్క సందులలోనుండి దుమ్ము పోతుంటే మార్చటమే మంచిది. కొత్తదానికి నాలుగు వైపులా మూసిన పెట్టె, ముందునుండి చల్లగాలి తెచ్చే గొట్టం, వెడల్పైన కాగితపు ఫిల్టరు ఉండాలి. నూనె ఆవిరి గొట్టానికి దారి చూపాలి. గాలిదారిని నిజంగా మెరుగుచేయదలచినవారు టర్బోకు ముందు కాక తరువాత చూడాలి. టర్బో నొక్కిన గాలి నూరు డిగ్రీల వరకు వేడెక్కుతుంది. 1976లో ఇటలీలోని నార్దో బాటమీద గంటకు 250 కిలోమీటర్లకు మించిన సగటు వేగంతో పరుగెత్తిన మెర్సిడెస్ ప్రయోగపు డీజిల్ కారులో, ఆ గాలిని చల్లార్చే రేడియేటరు ఉన్నది. అమెరికాలో అమ్మిన 300 ఎస్.డి.లో దానిని పెట్టలేదు.

మెకానిక్కులకు తెలిసిన మరొక సంగతి ఉన్నది. టర్బో సీలు చెడితే ఇంజను తన నూనెనే గాలితోపాటు పీల్చి మండించుకొంటూ అదుపు తప్పి వేగం పెంచుకొంటుంది. తాళంచెవి తిప్పినా అప్పుడు ఆగదు. చమురు ఆపినా నూనె దొరుకుతూనే ఉంటుంది. అందుకే పాత డీజిల్ ఇంజనును విప్పి కట్టి మొదటిసారి నడిపేటప్పుడు, అనుభవమున్నవాడు గాలి గొట్టం మూతికి సరిపడే చెక్కపలక ఒకటి చేతికి అందేటట్లు పెట్టుకొంటాడు. పరుగు మొదలైతే పలకను మూతికి అడ్డంగా నొక్కుతాడు. ఊపిరాడక రెండు మూడు క్షణాలలో ఇంజను ఆగిపోతుంది.