మంచం దిగిన వైద్యం

అడిక్‌మెట్ నుంచి ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాక. కాలి లోతు సిరలో నెత్తురు గడ్డకట్టే జబ్బు చరిత్రలో ఒక పేజీ ఇక్కడే ఉంది.

ఈ జబ్బును ఇప్పుడు డీవీటీ అంటున్నారు. పూర్వం ఐరోపాలో బాలింతకు కాలు వాస్తే పాలు కాల్లోకి దిగాయనుకున్నారు. జలగలు పట్టించారు, నెత్తురు తీశారు. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు విర్కో, కాలి గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరుతుందని తేల్చాడు. ఆ భయంతో రోగిని వారాల తరబడి మంచం దిగనివ్వలేదు.

1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయంతో చేసిన ప్రయోగాల నుంచి నెత్తురు గడ్డకట్టకుండా ఆపే మందు హెపారిన్‌కు దారి తెరుచుకుంది. ఇలాంటి మందులు నిజంగా ప్రాణం నిలుపుతాయని 1960లో బ్రిటన్‌లో తేలింది. గడ్డ ఊపిరితిత్తులకు చేరినవారిలో మందు ఇవ్వని 19 మందిలో ఐదుగురు ఆ గడ్డతోనే పోయారు; మందు ఇచ్చిన 16 మందిలో అలా ఒక్కరూ పోలేదు.

ఇదే పని చేసే వార్ఫరిన్‌ది మరో కథ. బూజుపట్టిన గడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చచ్చిపోతుంటే ఆరా తీయగా దొరికిన పదార్థం దాని మూలం. మొదట ఎలుకల మందు. 1954 నుంచి మనుషుల మందు. అది విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. అందుకే వారమంతా ముట్టని పాలకూర ఒక్కసారిగా రెండు పూటలా తింటే మోతాదు లెక్క తప్పుతుంది. ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఒకే తీరున తినాలి. ఏ ఆకులో విటమిన్ కె ఎంతుందో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో చూడవచ్చు.

1996లో వచ్చిన రెండు అధ్యయనాలు చిన్న అణువుల హెపారిన్ సూదిమందును ఇంటి దగ్గరే వేసుకోవచ్చని చూపాయి. హెపారిన్ తయారీలో పేరుపొందిన గ్లాండ్ ఫార్మా 1978లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. 2010 ప్రాంతంలో రివరోక్సబాన్ వంటి మాత్రలు వచ్చాక చాలామందికి సూది, తరచు రక్తపరీక్ష రెండూ తప్పాయి. గొట్టం పంపి గడ్డను కరిగించే పద్ధతి అందరికీ అక్కర్లేదని 2017 నాటి అట్రాక్ట్ అనే అధ్యయనం తేల్చింది: మేలు అనుకున్నంత లేదు, రక్తస్రావం పెరిగింది. కాలే పోయే పరిస్థితి ఉంటే మాట వేరు.

ఇప్పుడు మందు మొదలెట్టిన చాలామందిని డాక్టర్లే నడవమంటున్నారు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే నూనె రాసి పిక్క పిసకకండి. ఆ రోజే డాప్లర్ పరీక్ష చేయించండి. ఆయాసమో, ఛాతీలో నొప్పో ఉంటే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.