ఇందూరు ఎండయు ఆసవముల నిలువయు

ద్రాక్షాసవమును ఏండ్ల తరబడి నిలువచేయు దేశములందు ఆ నిలువకు మూలాధారము భూగర్భమే. ఫ్రాన్సు దేశమున రేంస్ నగరము క్రింద, రోమనుల కాలమున సుద్దరాతి కొరకు త్రవ్విన గుహలలో, షాంపేను సీసాలు నేటికిని 10-12 డిగ్రీల చలువలో పరిపక్వమగుచున్నవి. కొన్ని మీటర్ల లోతున నేల ఆ ప్రాంతపు సాంవత్సరిక సగటు ఉష్ణోగ్రతనే సర్వకాలములందును నిలుపుకొనును గనుక, రేంసునకు దక్కిన ఆ వరము నిజామాబాదునకు, అనగా పూర్వపు ఇందూరునకు, దక్కలేదు. సగటు సుమారు 27 డిగ్రీలుగల ఈ సీమలో ఎంతటి నేలమాళిగ త్రవ్వినను మే మాసపు ఎండ తప్పునే కాని, ఆసవమునకు వలసిన చలువ చిక్కదు.

ఈ సత్యమే ఇచటి పానీయముల చరిత్రను తీర్చినది. గౌండ్లవారు ప్రొద్దుననే దింపిన కల్లు లొట్టిలోనే పులియ నారంభించి, ప్రొద్దెక్కిన కొలదిని నోటికి ఘాటై, తుదకు త్రాగుటకు పనికిరాకపోవును గనుక, ఏనాటి కల్లు ఆనాడే త్రాగుట ఆచారమయ్యెను. కొన్ని గంటలకే చెడిపోవు చెరకు రసమును నిలువచేయుటకు మారుగా, కొప్పెరలో కాచి బెల్లముగా మార్చుటయే రైతు నేర్చిన విద్య.

మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగర నిర్మాణము 1931లో ముగిసి, కాలువల వెంట చెరకు విస్తరింపగా, 1937లో బోధను చెంత శక్కరునగరున నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము ఆ విద్యనే మహాయంత్రములతో సాగించినది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ డిస్టిలరీలో పులిసి, బట్టీపట్టబడి, మద్యసారమయ్యెడిది. ద్రాక్షాసవము వేడికి రుచి కోల్పోవును. తీవ్రమైన మద్యసారము పులియదు, చెడదు. దాని నిలువకు శత్రువులు ఆవిరియు అగ్నియు మాత్రమే. కావుననే ఈ సీమ ఆసవమునకు గాక చక్కెరకును సారమునకును నిలయమైనది.

అయినను వేడిని అడ్డగించు నేర్పు ఇచటివారికి తెలియనిది కాదు. దళసరి మట్టిగోడలు పగటి ఎండను రాత్రివరకు లోనికి రానీయవు. ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతులు, పంట త్రవ్విన నాటినుండి వానకారు నాటువరకు, అనగా సరిగా వేసవి నడుమ, విత్తనపు కొమ్ములను చెట్టునీడన కుప్పవోసి పసుపు ఆకులు కప్పి మట్టితోనో పేడతోనో అలుకుటయు, గుంతలలో పాతరవేసి గాలికి రంధ్రము విడుచుటయు కలదు. మొలకకు కావలసినది మంచు చలువ కాదు, ఎండుటకును ఉడుకుటకును లోనుగాని సమస్థితి. దానిని ఈ నేల ఈయగలదు.

నేడు నాసిక్ ప్రాంతమున ద్రాక్షాసవము నిలుచుచున్నదన్నచో, అది యంత్రశీతలీకరణ ఫలమే. గోడలకును కప్పునకును వేయు ఉష్ణనిరోధక ఫలకములు ఆ చలువను పోనీయక కాచునవి మాత్రమే. పులియునప్పుడు ఆసవము తానే వేడిని పుట్టించును గనుక, తొట్టిచుట్టు చల్లని నీరు త్రిప్పక తప్పదు. గోడ చలువను కాపాడును గాని పుట్టింపదు. మన ఎండలో గిడ్డంగి కట్టువారు ముందుగా నిర్ణయింపవలసినది, తమ సరకునకు వలసినది నిలకడయా, చలువయా అన్నదే. మొదటిదైనచో మట్టి చాలును. రెండవదైనచో యంత్రము లేని గోడకు వెచ్చించిన ధనము వృథా.